కెమికల్ పీల్ మీ చర్మానికి సరిపడుతుందా? బెంగళూరులో ఉండేవాళ్ళు తేల్చుకోవడం ఎలా

ముందు మొహం సంగతి పక్కన పెట్టి మీ కాళ్ళూ చేతులూ చూసుకోండి. పోయినేడు దోమ కుట్టి గోక్కున్న చోట, పోపు పెడుతుంటే నూనె చిట్లిన చోట, బండి సైలెన్సర్ తగిలి కాలిన చోట మచ్చ ఇంకా నల్లగానే ఉందా? ఉంటే, దెబ్బ తగిలిన ప్రతిచోటా రంగు పోసుకునే చర్మం మీది. పీల్ కూడా ఒక దెబ్బే. ఆసిడ్ పూసి పైపొరను కొలత ప్రకారం దెబ్బతీస్తారు, అది పొట్టులా రాలిపోతుంది, కింద నుంచి కొత్త పొర వస్తుంది. ఆ కొత్త పొర నల్లబడి వస్తే ఒక మచ్చ పోగొట్టుకోవడానికి వెళ్ళి మొహమంతా మచ్చ తెచ్చుకున్నట్టే.

హార్వర్డ్‌లో పనిచేసిన థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చర్మం ఎండకు కాలే తీరును, నల్లబడే తీరును బట్టి రకాలు చేశారు. ఇప్పుడవి ఆరు: 1 బాగా తెలుపు, 6 బాగా నలుపు. మనలో ఎక్కువమందిది 4 లేదా 5. ఈ రకాలకు పైపొర దాకానే వెళ్ళే పీల్స్ చేయించుకోవచ్చు. మధ్య లోతు పీల్స్ చేయి తిరిగిన డాక్టర్ దగ్గరే, అదీ అవసరమైతేనే. ఫినాల్‌తో చేసే లోతు పీల్ మనకు వద్దు. రంగు శాశ్వతంగా మారిపోయే ప్రమాదం ఉంది, పైగా ఫినాల్ ఒంట్లోకి ఇంకి గుండె లయను తప్పించగలదు.

ఏ పీల్ మంచిదన్న ప్రశ్న ఆఖర్న వస్తుంది. దానికి ముందు మూడు సంగతులు తేలాలి: ఆ మచ్చ ఏమిటి, ఇన్నాళ్ళూ దానికి ఏమేం పూశారు, ఎండకు దూరంగా ఉండటం మీ వల్ల అవుతుందా.

మొదట: మచ్చకు పేరు పెట్టించండి

పగటి వెలుతురులో కిటికీ దగ్గర, మేకప్ లేకుండా, ఫోన్ వెనక కెమెరాతో మూడు ఫోటోలు తీయించుకోండి: ఎదురుగా ఒకటి, రెండు బుగ్గలవైపు ఒక్కోటి. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. తారీఖు రాసిపెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత తేడా వచ్చిందా లేదా అని క్లినిక్ వాళ్ళతో వాదించకుండా తేల్చేది ఈ ఫోటోలే.

ఇప్పుడు రంగు చూడండి. గోధుమ రంగులో, అంచు తెలిసేలా ఉన్న మచ్చ సాధారణంగా పైపొరలో ఉంటుంది, పీల్ దాన్ని అందుకోగలదు. బూడిద రంగులో, కాస్త నీలం కలిసినట్టు ఉంటే రంగు లోపలి పొరలోకి దిగిపోయిందన్నమాట. పైపై పీల్ అక్కడిదాకా పోదు. ముఖ్యంగా హెయిర్ డై తగిలే చెవుల ముందు, కుంకుమ పెట్టుకునే నుదుటి మీద ఇలాంటి బూడిద నలుపు మొదలైతే అది అలర్జీ వల్లనో, లైకెన్ ప్లానస్ పిగ్మెంటోసస్ అనే చర్మ జబ్బు వల్లనో కావచ్చు. చేయాల్సింది ఆ డైని, ఆ కుంకుమని ఆపి డాక్టర్‌కి చూపించడం. రగులుతున్న చర్మం మీద ఆసిడ్ పోస్తే నలుపు ఇంకా పాకుతుంది.

రెండు బుగ్గల మీదా ఒకేలా, నుదుటి మీద, పై పెదవి మీద పరుచుకున్న గోధుమ మచ్చ మంగు. గర్భం, పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు, ఎండ, ఇంట్లో ఇంకొకరికి ఉండటం దీని వెనక ఉంటాయి. పీల్ మంగును పలచబరుస్తుంది, మూలాన్ని పీకదు. అందుకే ముందు రెండు మూడు నెలలు సన్‌స్క్రీన్, రాత్రి క్రీముతో చూసి, అవి చాలకపోతేనే పీల్ జోడించడం సరైన వరుస. మొదటి రోజే పీల్ ప్యాకేజీ చేతిలో పెడితే లేచి వచ్చేయండి.

మొటిమలైతే వాటి రకం చూసుకోవాలి. బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, జిడ్డు చర్మం, మొటిమ పోయాక మిగిలిన చదును నల్ల మచ్చలు: పీల్ బాగా పనిచేసేది ఇక్కడే. చీముతో, గడ్డల్లా లోతుగా ఉన్న మొటిమలకు ముందు మందులు కావాలి. గుంటలు పడి ఉంటే రెండు వేళ్ళతో చర్మాన్ని పక్కలకు లాగి చూడండి. గుంట చదునైతే అది కింద పీచుతో అతుక్కున్నది, సూదితో ఆ పీచు తెంపే సబ్‌సిషన్ లాంటివి అవసరం. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండి లాగినా పోకపోతే ఆ గుంటలో మాత్రమే గాఢమైన టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్ ఆసిడ్) చుక్క పెట్టే క్రాస్ పద్ధతి ఉంది. మొహమంతా పూసే మామూలు పీల్ ఈ రెండింటినీ పైకి లేపదు. గుంటల కోసం ఆరు సిట్టింగులు కట్టి ఏమీ రాలేదని బాధపడేవాళ్ళు చాలామంది.

మెడ చుట్టూ, చంకల్లో మఖ్మల్ గుడ్డలా మందంగా నల్లబడితే అది మురికీ కాదు, ట్యానూ కాదు. చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనే గుర్తు. పీల్‌కి పెట్టే డబ్బులో కొంత, మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పెట్టండి. బరువు తగ్గితే ఆ నలుపు దానంతటదే పలచబడుతుంది. బుగ్గల మీద ఆవగింజలంత నల్ల బుడిపెలను కాటరీతో తీస్తారు, అవి పీల్‌కి రాలవు. మామూలు ట్యాన్‌కి పీల్ దండగ, ఎండ తగలకుండా చూసుకుంటే వారాల్లోనో నెలల్లోనో అదే పోతుంది.

తెల్లబడాలనే ఆశతో వెళ్తున్నవాళ్ళకు ఒక కొలత: పై చేయి లోపలివైపు, ఎండ పడని చోటు రంగు చూసుకోండి. అది మీ పుట్టు రంగు. దాన్ని దాటించే పీల్ లేదు.

తర్వాత: ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ బయటికి తీయండి

గత ఏడాదిగా మొహానికి పూసిన ప్రతి క్రీమూ, పార్లర్‌లో ఇచ్చిన పేరులేని డబ్బీతో సహా, ఒక కవర్లో వేసుకుని డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్ళండి. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ అన్న మాటల్లో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. మంగు కోసం అమ్మే మూడు మందుల క్రీముల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో పాటు ఇదీ ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా పక్కింటివాళ్ళు చెప్పారనో, మందుల షాపు అబ్బాయి ఇచ్చాడనో ఏళ్ళ తరబడి పూసేవాళ్ళున్నారు. క్రీము ఆపిన రెండు మూడు రోజులకే మొహం ఎర్రబడి భగ్గుమంటే, సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తే, మీ చర్మం ఆ స్టెరాయిడ్‌కి అలవాటుపడి పలచబడింది. ఇలాంటి మొహం మీద పీల్ చేయకూడదు. ముందు దాన్ని మామూలు స్థితికి తేవాలి, దానికి నెలలు పడుతుంది.

మాత్రలూ చెప్పాలి. మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్, బీపీకిచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ ఎండకు చర్మాన్ని సున్నితం చేస్తాయి. ముదిరిన మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ వేసుకుంటున్నా, ఈ మధ్యే ఆపినా దాచకండి. ఆర్నెల్లు ఆగాలన్న పాత కట్టుబాటు పైపై పీల్స్ విషయంలో ఇప్పుడు సడలింది, మధ్య లోతు వాటికి మాత్రం ఆగమనే చెబుతారు. ఆస్పిరిన్ పడనివాళ్ళు శాలిసిలిక్ పీల్ జోలికి పోకూడదు. గర్భంతో ఉంటే శాలిసిలిక్, టీసీఏ, రెటినాల్ పీల్స్ వద్దు. నిజానికి ఆ సమయంలో ఏ పీలైనా వాయిదా వేయడం నయం, కాన్పు తర్వాత మంగు కొంత దానంతటదే తగ్గుతుంది కూడా.

పెదవి అంచున జ్వరం పొక్కులు వచ్చే అలవాటుంటే ముందే చెప్పండి, ఎసైక్లోవిర్ లాంటి మాత్రలు పీల్‌కి ముందు నుంచే మొదలుపెడతారు. చెవి కుట్టించుకున్న చోట గడ్డలా కీలాయిడ్ లేచినవాళ్ళు, బొల్లి, సోరియాసిస్, లైకెన్ ప్లానస్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తపడాలి. గాయమైన చోటే ఆ జబ్బు కొత్తగా పుట్టగలదు.

ఆపైన: నెల రోజుల పరీక్ష

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి. పైగా ఊరు ఉన్నది 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో మరోసారి ఇక్కడ మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడే పడదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. విజయవాడలో ఎండ చురుక్కుమనగానే నీడకు పరిగెడతాం. ఇక్కడి గాలి చల్లగా ఉండటంతో మారతహళ్ళి సిగ్నల్ దగ్గర పావుగంట నిలబడ్డా తెలియదు. పలచటి మబ్బు కూడా ఈ కిరణాలను పెద్దగా ఆపదు. క్యాబ్ కిటికీ అద్దం ఈ కిరణాల్లో యూవీబీ రకాన్ని ఆపుతుంది, మంగును రేపే యూవీఏ రకాన్ని చాలావరకు లోపలికి వదులుతుంది.

అందుకని పీల్ బుక్ చేసేముందు నెల రోజులు ఇలా చేసి చూడండి. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, పీఏ (యూవీఏని ఎంత ఆపుతుందో చెప్పే గుర్తు) పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులున్న సన్‌స్క్రీన్ తీసుకోండి. చూపుడువేలు, మధ్యవేలు నిండా రెండు గీతలుగా పిండితే వచ్చేంత మొహానికీ మెడకూ కావాలి. శనగగింజంత రాసుకుంటే డబ్బా మీద ఉన్న ఎస్‌పీఎఫ్ మీ మొహం మీద ఉండదు. బయలుదేరే ముందు ఒకసారి, బయట ఉన్నంతసేపూ ప్రతి రెండు మూడు గంటలకు మళ్ళీ. మంగు ఉన్నవాళ్ళు ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ తీసుకుంటే మామూలు వెలుతురు వల్ల వచ్చే నలుపు కూడా తగ్గుతుంది. రాత్రికి డాక్టర్ రాసే ట్రెటినాయిన్ 0.025 శాతం గానీ, హైడ్రోక్వినోన్ 2 నుంచి 4 శాతం గానీ, గ్లైకోలిక్ క్రీము గానీ. పీల్‌కి ముందు రెండు నుంచి నాలుగు వారాలు ఇలా చర్మాన్ని సిద్ధం చేయడాన్నే ప్రైమింగ్ అంటారు. ఆసిడ్ సమంగా దిగడానికి, తర్వాత నల్లబడే ప్రమాదం తగ్గడానికి ఇది పనికొస్తుంది. ఈ మెట్టు ఎగరగొట్టి వచ్చిన రోజే పీల్ చేసే చోటు నమ్మదగింది కాదు.

ఈ ముప్పై రోజుల్లో ఎన్ని రోజులు రెండోసారి సన్‌స్క్రీన్ పూసుకున్నారో నిజాయితీగా లెక్కపెట్టండి. పది దాటకపోతే పీల్ మానుకోండి. రోజంతా బండి మీద తిరిగే డెలివరీ పని, సైట్ ఇంజనీరు పని, ఫీల్డ్ సేల్స్ లాంటివైతే మీ తప్పేమీ లేదు, కానీ కొత్త చర్మానికి ఆ సంగతి తెలియదు. కొందరికి ఈ నెల రోజుల్లోనే మచ్చ సగం పలచబడుతుంది. వాళ్ళకు పీల్ అక్కర్లేదు, ఇదే కొనసాగిస్తే చాలు.

ఏ ఆసిడ్ దేనికి

జిడ్డు చర్మం, మొటిమలైతే శాలిసిలిక్, 20 నుంచి 30 శాతం. ఇది నూనెలో కరిగే గుణమున్నది కాబట్టి రంధ్రంలో పేరుకున్న జిడ్డులోకి దూరుతుంది. పూసిన కాసేపటికే తెల్లటి పొడిలా తేలుతుంది. అది కాలిన గుర్తు కాదు, ద్రవం ఆరిపోయి మిగిలిన స్ఫటికాలు. వీపు, ఛాతీ అంతా ఒకేసారి చేయించుకోకండి. ఎక్కువ ఇంకితే చెవుల్లో హోరు, తలతిరుగుడు వస్తాయి.

మంగుకు, నల్ల మచ్చలకు గ్లైకోలిక్ వాడతారు. ఆల్ఫా హైడ్రాక్సీ జాతి ఆసిడ్లలో దీని అణువే అతి చిన్నది, అందుకే గబుక్కున దిగుతుంది, అందుకే తొందరగా తేడా కొడుతుంది. మన చర్మానికి 20 నుంచి 35 శాతంతో, ఒకటి రెండు నిమిషాలతో మొదలుపెట్టి సిట్టింగుకి కొంచెం కొంచెం పెంచాలి. దీన్ని వంటసోడా జాతి ద్రావణంతో విరిచేయాలి, అంటే పని ఆపించాలి, లేకపోతే పనిచేస్తూనే ఉంటుంది. శాతం ఒక్కటే చూసి భయపడటమో ధైర్యపడటమో వద్దు. పీహెచ్ అంటే పులుపు కొలత, అది తగ్గేకొద్దీ ఆసిడ్ పదును పెరుగుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్న 30 శాతం సీసా, పీహెచ్ పెంచి మెత్తబరిచిన అంతకన్నా గాఢమైన సీసా కంటే ఎక్కువ కాల్చగలదు.

మొదటిసారి చేయించుకునేవాళ్ళకు, సున్నితమైన చర్మానికి, దోమకాటు పరీక్షలో తప్పినవాళ్ళకు మాండెలిక్ గానీ లాక్టిక్ గానీ నయం. మాండెలిక్ అణువు గ్లైకోలిక్ కంటే రెట్టింపు బరువు, మెల్లగా దిగుతుంది. ఫలితం నిదానమే, కానీ నల్లబడే భయం తక్కువ. టీసీఏ మాటెత్తితే ఎంత శాతమో అడగండి. 35 శాతం అంటే మధ్య లోతు. ఒకసారి దిగాక దాన్ని విరిచేసే మందు లేదు.

ఎవరి చేతికి మొహం అప్పగించాలి

ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీవీడీ, డీఎన్‌బీ: చర్మ వైద్యుల డిగ్రీలు ఇవి. కాస్మెటాలజిస్ట్ అన్న బోర్డు డిగ్రీ కాదు, వారాల కోర్సు చేసినా ఆ మాట రాసుకుంటారు. కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్కులు 2007 నాటి కేపీఎంఈ చట్టం కింద రిజిస్టరు కావాలి, ఆ సర్టిఫికెట్ గోడ మీద ఉందేమో చూడండి. డాక్టర్ పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో వెతకొచ్చు. అమ్మకపు ఒత్తిడి లేని మాట కావాలంటే విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వ ఆసుపత్రుల చర్మ విభాగం ఓపీలో ఒకసారి చూపించుకోండి. ఉదయాన్నే వెళ్ళాలి, వరస ఉంటుంది. మచ్చకు పేరు మాత్రం అక్కడ తేలిపోతుంది.

క్లినిక్‌లో ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టండి: ఆసిడ్ పేరు, శాతం, ఎన్ని నిమిషాలు ఉంచుతారు, ఎవరు పూస్తారు, ఆదివారం రాత్రి మొహం వాస్తే ఏ నంబరుకు చేయాలి, మొత్తం ఎన్ని సిట్టింగులు. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు నుంచి ఆరు పడతాయి, కాబట్టి ఒక్కదాని ధర విని మురిసిపోకండి. ముందుగానే మొత్తం డబ్బు కట్టకండి. చెవి వెనక కొంచెం పూసి రెండు మూడు వారాలు చూద్దామని అడగండి, నల్లబడటం అప్పటికి బయటపడుతుంది.

ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకుని ఇంట్లో పూసుకోవడం సంగతి చెప్పాలంటే, సౌందర్య సాధనాల భద్రతను చూసే అమెరికా నిపుణుల బృందం 1998లోనే ఇంటి వాడకానికి గ్లైకోలిక్ 10 శాతం మించకూడదనీ, పీహెచ్ 3.5కి తగ్గకూడదనీ చెప్పింది. గాఢమైన పీల్స్ ఇంట్లో వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జూలైలో హెచ్చరించింది కూడా. సీసా మీద పీహెచ్ రాయలేదంటే దాని బలం మీకు తెలియనట్టే.

తారీఖు

మాఘమాసంలో పెళ్ళుంటే శ్రావణంలో ప్రైమింగ్, భాద్రపదంలో మొదటి సిట్టింగ్, పెళ్ళికి నెల ముందే ఆఖరిది. పెళ్ళికి పదిహేను రోజుల ముందు మొదటి పీల్ చేయించుకోవడం జూదం, నల్లబడటం ఏదైనా ఉంటే సరిగ్గా రెండు మూడు వారాలకే తేలుతుంది. పీల్ చేసిన కొత్తలో నలుగు పిండి, పసుపు మొహానికి తగలనివ్వకండి. అలిపిరి మెట్లెక్కే మొక్కు, గోవా ప్రయాణం ఉన్నా ఆ తర్వాతే. వారం ముందు నుంచి త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, ఫేషియల్, స్క్రబ్ ఆపండి. రాత్రి క్రీము ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్ చెబుతారు. మగవాళ్ళు ఆ ఉదయం గడ్డం గీసుకుని వెళ్ళకూడదు, బ్లేడు గీరిన చోట ఆసిడ్ లోతుగా దిగుతుంది.

ఆ పది నిమిషాలు, ఆ వారం

తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టి, జిడ్డు తుడిచి, కళ్ళ మూలల్లో, ముక్కు అంచున, పెదవుల మూలల్లో వాజెలీన్ రాస్తారు. రాయకపోతే అడగండి. ఆసిడ్ ఆ మడతల్లో నిలిచి కాలుస్తుంది. కన్నీళ్ళు కారితే వెంటనే చెప్పండి, కన్నీటి చారతో పాటు ఆసిడ్ మెడ దాకా జారుతుంది. చీమలు కుట్టినట్టు మంట సహజం. శాలిసిలిక్‌కి మంట మూడు నిమిషాల దాకా పెరిగి తగ్గిపోతుంది. ఒకే చోట సూదితో గుచ్చినట్టు మంట పెరుగుతుంటే ఓర్చుకోకండి. గ్లైకోలిక్ పూసినప్పుడు సమంగా ఎర్రబడితే చాలు, ఒక చోట బూడిద తెలుపు కనిపించిందంటే లోతు మించింది, ఆ క్షణంలోనే విరిచేయాలి.

ఆ సాయంత్రం మొహం బిగుసుకున్నట్టు ఉంటుంది. రెండో రోజుకు కాస్త నల్లబడినట్టు కనిపిస్తుంది, కంగారుపడకండి, రాలబోయే పొర అది. మూడు నుంచి ఐదో రోజు దాకా ముక్కు పక్కన, గడ్డం మీద పొట్టు లేస్తుంది. గిల్లకండి. నల్ల మచ్చలు మిగిలేది ఎక్కువగా గిల్లిన చోటే. అసలు పొట్టే లేవలేదంటే పీల్ పనిచేయలేదని కాదు, తేలిక పీల్స్‌కి కంటికి కనపడకుండానే రాలుతుంది. నురగ తక్కువున్న ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. రెండు రోజులు జిమ్, ఆవిరి, స్విమ్మింగ్ వద్దు. రాత్రి క్రీము పొట్టు పూర్తిగా రాలాకే. హెల్మెట్ పట్టీ, లోపలి నురగ దిండు కొత్త చర్మాన్ని రాస్తాయి, చెమట మండిస్తుంది. వీలైతే ఆ నాలుగు రోజులు మెట్రోలో వెళ్ళండి, లేదా ఇంటి నుంచి పని అడగండి.

గుంపుగా నీటి పొక్కులు, పసుపు చెక్కు, రోజురోజుకూ పెరిగే నొప్పి, వారం దాటినా తగ్గని ఎరుపు: వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. ఫోన్‌లో ఫోటో పంపి ఊరుకోకండి. ఇంట్లో ఉన్న పాత స్టెరాయిడ్ ట్యూబు సొంతంగా పూయకండి.

మూడో సిట్టింగ్ ముందు మొదటి రోజు ఫోటోల పక్కన, అదే కిటికీ దగ్గర కొత్తవి తీసి పెట్టి చూడండి. తేడా కనిపించకపోతే శాతం పెంచుదామన్న మాటకు ఒప్పుకోకముందు, ఆ మచ్చ పేరు సరిగ్గానే పెట్టారా అని ఇంకో డాక్టర్‌ను అడగండి. మచ్చ ముందుకంటే నల్లబడి ఉంటే ఆ సిట్టింగ్ రద్దు చేసుకోండి.